మందు ఎందుకు ‘పడదు’?

“పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి” అంటారు మన పెద్దలు. ఒకే వంకాయ కూర ఒకరికి అమృతంలా ఉంటుంది. పక్క విస్తరి ముందు కూర్చున్నవారు దాన్ని ముట్టనైనా ముట్టరు. ఇదంతా అలవాటును బట్టి వచ్చే తేడా అనుకుంటాం. చాలావరకు అది నిజమే. కానీ కొన్ని తేడాలు అలవాటుతో వచ్చినవి కావు, పుట్టుకతో వచ్చినవి.

1931లో అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు తన ప్రయోగశాలలో ఫినైల్ థయోకార్బమైడ్ అనే పొడిని సీసాలోకి పోస్తున్నాడు. కాస్త పొడి గాలిలోకి లేచింది. పక్కన పనిచేస్తున్న సహచరుడు నోరంతా చేదుగా ఉందని ఫిర్యాదు చేశాడు. ఫాక్స్‌కు మాత్రం ఏ రుచీ తెలియలేదు. పొడికి దగ్గరగా ఉన్నది ఆయనే! ఇద్దరూ ఆ పొడిని రుచి చూశారు. సహచరుడికి మళ్ళీ చేదే, ఫాక్స్‌కు మళ్ళీ చప్పనే. తరువాత ఎంతోమంది మీద పరీక్షించి చూస్తే మనుషులు రెండు రకాలుగా విడిపోయారు: ఆ చేదు తెలిసేవారు, తెలియనివారు. ఈ గుణం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుందని కూడా తేలింది. (ఆ పొడి విషపదార్థం. మీరెవరూ ప్రయోగశాలలో రసాయనాలను నోట పెట్టుకోకండి!)

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. అన్ని సంవత్సరాలూ ఫాక్స్ నాలుకలో ఈ తేడా ఉంది. కానీ ఉందని ఆయనకే తెలియదు. దానివల్ల ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. ఆ పొడి ఎదురుపడిన రోజునే అది బయటపడింది.

మందులు కూడా రసాయన పదార్థాలే కదా! “ఈ మాత్ర నాకు పడదండీ” అని డాక్టరుతో చెప్పేవారిని మీరు చూసే ఉంటారు. అదే మాత్ర ఇంకొకరికి హాయిగా పడుతుంది. మాత్ర ఒకటే, మోతాదు ఒకటే. అలాంటప్పుడు తేడా ఎక్కడుంది?

మాత్ర చేసే ప్రయాణం

మనం మింగిన మాత్ర కడుపులో కరిగి, పేగులలో నుంచి రక్తంలోకి చేరుతుంది. రక్తం దాన్ని మొదట కాలేయానికి తీసుకుపోతుంది. కాలేయం మన ఒంట్లోని పెద్ద రసాయన కర్మాగారం. అక్కడ ఎంజైములు అనే పనివాళ్ళు ఉంటారు. కొన్ని ఎంజైములు మందును ముక్కలు చేస్తాయి. కొన్ని దానికి ఒక తోక తగిలించి నీళ్ళలో కరిగేలా చేస్తాయి. అలా మారిన మందు మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. మందు ఒంట్లో ఎంతసేపు ఉండాలో, ఎంత గట్టిగా పనిచేయాలో చాలావరకు ఈ ఎంజైములే నిర్ణయిస్తాయి.

మరి ఈ ఎంజైములను తయారుచేసేది ఎవరు? ప్రతి ఎంజైమూ ఒక ప్రోటీను. ఏ ప్రోటీనును ఎలా తయారుచేయాలో మన కణాలలోని జన్యువులలో రాసి ఉంటుంది. ఆ రాత డి.ఎన్.ఏ. అనే పొడవాటి అణువులో ఉంటుంది. దానికి ఉన్నవి 4 అక్షరాలే. ఆ నాలుగింటినే మార్చి మార్చి పేర్చితే మనిషి తయారీకి కావలసిన గ్రంథం అవుతుంది. తల్లి నుంచి వచ్చిన ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాలు, తండ్రి నుంచి వచ్చిన ప్రతిలో సుమారు మరో 300 కోట్ల అక్షరాలు ఉంటాయి.

ఇంత పెద్ద గ్రంథాన్ని తరతరాలుగా నకలు చేస్తూ పోతుంటే అక్కడక్కడా అక్షరాలు మారకుండా ఉంటాయా? చాలా మార్పుల వల్ల ఏమీ కాదు. కానీ కొన్నిచోట్ల ఒక్క అక్షరం మారినా అర్థం మారిపోతుంది. “గోడకు మేకు కొట్టు” అనే వాక్యంలో ‘మేకు’కు ఉన్న కొమ్ము రాలిపోయిందనుకోండి. “గోడకు మేక కొట్టు” అవుతుంది. కొమ్ము పోయాక మేక వచ్చిందన్నమాట! ఎంజైము రాతలోనూ అంతే. ఒక్క అక్షరం తేడాతో ఎంజైము నెమ్మదిగా పనిచేయవచ్చు, అసలు పనిచేయకపోనూ వచ్చు.

అలాంటి మార్పు ఉన్న మనిషి రోగి కాడు. ఆ ఎంజైముకు పని పెట్టే మందు ఎదురుపడనంతవరకు అతను అందరిలాగే ఆడుకుంటాడు, చదువుకుంటాడు. ఎదురుపడితే ఏమవుతుందో నాలుగు మందుల కథల్లో చూద్దాం.

ఎర్రకణాలకు ఆపద

మలేరియా గురించి మీకు తెలుసు. దోమ ద్వారా ఈ జబ్బు వ్యాపిస్తుందనడానికి కీలకమైన ఆధారం 1897లో రొనాల్డ్ రాస్‌కు దొరికింది మన సికింద్రాబాదులోనే. మలేరియాలో వైవాక్స్ అనే రకం చాలా జిత్తులమారిది. జ్వరం తగ్గిన తరువాత కూడా దాని క్రిములు కాలేయంలో నక్కి ఉండి, కొన్ని నెలల తరువాత మళ్ళీ బయటికి వస్తాయి. అలా దాక్కున్నవాటిని చంపే మందు ప్రైమాక్విన్. 1950-53లో కొరియా యుద్ధం జరిగినప్పుడు అమెరికా సైనికులకు ఈ మందు ఎంతో అవసరమయింది.

అయితే ఇక్కడొక చిక్కు వచ్చింది. ఈ మందు వేసుకున్నవారిలో ఎక్కువమందికి ఏమీ కాలేదు. కొందరికి మాత్రం రెండు మూడు రోజులు గడిచేసరికి మూత్రం ముదురు రంగుకు తిరిగింది, కళ్ళు పచ్చబడ్డాయి, నీరసం ముంచుకొచ్చింది. వారి రక్తంలోని ఎర్రకణాలు గుంపులు గుంపులుగా పగిలిపోతున్నాయి. ఆఫ్రికా సంతతికి చెందిన కొందరిలో ఇది ఎక్కువగా కనిపించింది.

తప్పు ఎక్కడుంది? మందు ఆ మనుషుల ఒంట్లోకి వెళ్ళాక విషంగా మారుతోందా? లేక వారి ఎర్రకణాలే బలహీనమైనవా? షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్ఫ్ ఆల్వింగ్, ఎర్నెస్ట్ బాయిట్లర్ మొదలైన పరిశోధకులు ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఒక చక్కని ఉపాయం ఆలోచించారు. మందు పడని వ్యక్తి నుంచి కొంత రక్తం తీశారు. అందులోని ఎర్రకణాలకు రేడియోధార్మిక క్రోమియంతో గుర్తు పెట్టారు. ఆ కణాలను మందు పడే వ్యక్తికి ఎక్కించి, అతనికి ప్రైమాక్విన్ ఇచ్చారు. గుర్తు పెట్టిన కణాలు పగిలిపోయాయి. అతని సొంత కణాలకు ఏమీ కాలేదు! తరువాత దీన్ని తిరగేసి చేశారు. మందు పడే వ్యక్తి కణాలను మందు పడని వ్యక్తికి ఎక్కించి ప్రైమాక్విన్ ఇస్తే, ఆ కొత్త కణాలు చెక్కుచెదరలేదు. అంటే లోపం కాలేయంలోనో, మూత్రపిండాలలోనో లేదు. ఎర్రకణంలోనే ఉంది. ఈ ఫలితాలు 1954లో వెలువడ్డాయి.

ఈ పరిశోధనలు జరిగింది ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్టేట్‌విల్ జైలులో, ఖైదీల మీద. వారు ఒప్పుకునే పాల్గొన్నారని అప్పట్లో చెప్పేవారు. కానీ జైలు గోడల మధ్య ఉన్న మనిషి ఇచ్చే ఒప్పుదల స్వేచ్ఛగా ఇచ్చినది అవుతుందా? ఈనాటి వైద్యనీతి అటువంటి ప్రయోగాలకు అంగీకరించదు. మనకు అందిన ఈ జ్ఞానం వెనుక ఆ మనుషులు పడిన బాధ ఉందని గుర్తుంచుకోవాలి.

1956లో అదే బృందం వారు ఎర్రకణంలో లోపించిన ఎంజైమును పట్టుకున్నారు. దాని పేరు గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్. పేరు పొడుగు కాబట్టి జి-6-పి.డి. అంటే సరిపోతుంది.

ఇది చేసే పని ఏమిటి? ఎర్రకణం నిండా హిమోగ్లోబిన్, అందులో ఇనుము, చుట్టూ ఆక్సిజన్. ఇనుమూ ఆక్సిజనూ కలిసినచోట తుప్పు భయం ఉంటుందని మీకు తెలుసు. ఎర్రకణంలో జరిగేది అచ్చం తుప్పు కాదు కానీ, అలాంటి ఆక్సీకరణ అక్కడా నష్టం చేస్తుంది. దాన్ని ఎదిరించడానికి కణంలో గ్లూటథయోన్ అనే కాపలాదారు ఉంటాడు. దెబ్బలాడేకొద్దీ అతని కత్తి మొండిబారుతుంది. దాన్ని మళ్ళీ పదును పెట్టే సానరాయి జి-6-పి.డి. అనుకోండి. ప్రైమాక్విన్ ఒంట్లో మార్పు చెంది ఆక్సీకరణను బాగా పెంచుతుంది. సానరాయి ఉన్నవారి కణాలు తట్టుకుంటాయి. అది లేనివారి కణాలలో కత్తి మొండిబారిపోతుంది, కణం పగులుతుంది.

మిగతా కణాలైతే ఎంజైము అరిగిపోతే కొత్తది తయారుచేసుకుంటాయి. ఎర్రకణానికి ఆ వీలు లేదు. దానిలో కేంద్రకం లేదు, కాబట్టి జన్యువులూ లేవు. పుట్టినప్పుడు తెచ్చుకున్న ఎంజైములతోనే అది తన 120 రోజుల జీవితం గడపాలి. అందుకే లోపం ఉన్నవారిలో ముసలి కణాలు ముందుగా పగిలిపోతాయి.

జి-6-పి.డి. జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. అమ్మాయిలకు ఎక్స్ క్రోమోజోములు రెండు, అబ్బాయిలకు ఒకటే. అమ్మాయిలకు ఒక ప్రతి చెడినా రెండోది ఆదుకోవచ్చు. అబ్బాయిలకు ఉన్నది తల్లి నుంచి వచ్చిన ఒక్కటే కాబట్టి, అది చెడితే గతి లేదు. అందువల్ల ఈ లోపం అబ్బాయిలలోనే ఎక్కువగా బయటపడుతుంది.

ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందికి ఈ లోపం ఉందని అంచనా. ఎక్కడెక్కడ? ఆఫ్రికా, మధ్యధరా సముద్ర తీరం, పశ్చిమాసియా, ఆగ్నేయాసియా, మన భారతదేశం. ఈ పట్టికలో మీకేమైనా పోలిక కనిపించిందా? ఇవన్నీ మలేరియా వేల సంవత్సరాలుగా పీడించిన ప్రాంతాలు! మలేరియా క్రిమి ఎర్రకణంలో కాపురం పెడుతుంది. ఈ ఎంజైము తక్కువగా ఉన్న కణంలో దానికి అంత సుఖంగా ఉండదు. కాబట్టి ఈ లోపం ఉన్నవారు ప్రాణాంతకమైన మలేరియా నుంచి కొంతవరకు తప్పించుకోగలిగారు, వారి సంతానం నిలిచింది. అంటే మలేరియాకు డాలుగా పనికివచ్చిన గుణమే, మలేరియా మందు వచ్చేసరికి ఆపద అయింది. మంచి గుణమా చెడ్డ గుణమా అంటే, ఏది ఎదురుపడింది అనేదాన్ని బట్టే చెప్పాలి.

ఈ లోపం ఉన్నవారికి ప్రైమాక్విన్ పూర్తిగా నిషిద్ధమని కూడా కాదు. రక్తపరీక్షతో లోపం ఉందో లేదో తెలుసుకోవచ్చు. లోపం తీవ్రంగా లేనివారికి, రోజూ ఇచ్చే మాత్రకు బదులు వారానికి ఒక మోతాదు చొప్పున 8 వారాలు, వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

ఐదు నిమిషాల మందు

రెండవ కథ ఆపరేషన్ గదిలోది. పెద్ద ఆపరేషన్ చేసేటప్పుడు రోగి గాలిగొట్టంలోకి ఒక సన్నని గొట్టం వేసి, దాని ద్వారా ఊపిరి అందిస్తారు. అందుకు గొంతు కండరాలు వదులు కావాలి. ఈ పనికి 1950 తరువాతి సంవత్సరాలలో సక్సినైల్ కోలిన్ అనే సూదిమందు వాడుకలోకి వచ్చింది. ఇది ఒక నిమిషంలో కండరాలన్నిటినీ వదులు చేస్తుంది. ఊపిరి తీసే కండరాలు కూడా ఆగిపోతాయి. కానీ భయం లేదు. మత్తు డాక్టరు యంత్రంతో ఊపిరి అందిస్తుంటాడు. ఐదారు నిమిషాలలో మందు ప్రభావం పోయి కండరాలు తిరిగి కదులుతాయి. రక్తంలో ఉండే బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఆ మందును చకచకా ముక్కలు చేసేస్తుంది కాబట్టి అది అంత త్వరగా విరిగిపోతుంది.

కొందరిలో మాత్రం ఐదు నిమిషాలు కాదు, గంటలు గడిచినా కండరాలు కదలలేదు! పక్కన యంత్రం లేకపోతే ఆ మనిషి ఏమై ఉండేవాడో ఊహించండి. కెనడాలోని టొరంటోలో వెర్నర్ కాలో అనే శాస్త్రజ్ఞుడు ఈ విషయాన్ని పట్టుకుని పరిశోధించాడు. అలాంటివారి రక్తంలో ఈ ఎంజైము వేరే రకంగా ఉంటుందని, అది వంశపారంపర్యంగా వస్తుందని తేల్చాడు. కొద్దిపాటి రక్తంతో దాన్ని గుర్తించే పరీక్షను 1957లో ప్రకటించాడు.

జి-6-పి.డి. లాగా ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద లేదు. అబ్బాయిలకైనా అమ్మాయిలకైనా దీని ప్రతులు రెండేసి ఉంటాయి. ఒకటి చెడినా రెండోది చాలావరకు పని నెట్టుకొస్తుంది. రెండూ చెడితేనే పెద్ద చిక్కు. తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి చెడిన ప్రతులు ఉన్నాయనుకోండి. ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉండదు. కానీ వారికి పుట్టే ప్రతి బిడ్డకూ రెండు చెడిన ప్రతులు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది.

ఈ కథ తెలుగువారికి చాలా దగ్గరది. మన ఆర్యవైశ్య కుటుంబాలలో కొందరికి ఈ మందు పడదని మత్తు డాక్టర్లు ఎరుగుదురు. కారణం 2006లో ప్రచురించిన ఒక పరిశోధనలో తెలిసింది. ఆ ఎంజైములో 307వ స్థానంలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాలి. వీరిలో దాని బదులు ప్రోలిన్ ఉంది. తేడా డి.ఎన్.ఏ.లో ఒక్క అక్షరమే! దానితో ఎంజైము దాదాపు లేకుండా పోయింది.

ఒక సమూహంలో ఇది ఎందుకు ఎక్కువయింది? ఎన్నో తరాల కిందట, ఆ సమూహానికి మూలపురుషులైన కొద్దిమందిలో ఎవరికో ఈ మార్పు ఉండి ఉంటుంది. తరువాత వందల ఏళ్ళు పెళ్ళిళ్ళు ఆ సమూహంలోనే జరిగాయి. అందువల్ల ఆ మార్పు బయటికి పోకుండా లోపలే తిరుగుతూ వచ్చింది. ఇది ఒక్క ఆర్యవైశ్యుల సంగతి కాదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, అమెరికాలోని హార్వర్డు శాస్త్రజ్ఞులు తదితరులు కలిసి దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాల డి.ఎన్.ఏ.ను పరిశీలించి, 2017లో ఫలితాలు ప్రకటించారు. ఇలా కొద్దిమంది పూర్వీకుల ముద్ర బలంగా పడిన సమూహాలు మన దేశంలో ఎన్నో ఉన్నాయని అందులో తేలింది. ప్రతి సమూహం తన పూర్వీకుల అక్షరదోషాలు కొన్నిటిని మోస్తూనే ఉంది. కొన్నిటి సంగతి మనకు తెలిసింది, కొన్నిటిది ఇంకా తెలియలేదు, అంతే తేడా. కాబట్టి ఇందులో ఒకరిని చూసి ఒకరు నవ్వవలసిందేమీ లేదు. ఒక సమూహంలో పుట్టినంత మాత్రాన ఆ తేడా ఉండి తీరుతుందని కూడా లేదు.

తెలిస్తే ప్రమాదం లేదు. డాక్టరు ఆ సూదిమందు మాని వేరే రకం మందు వాడతాడు. ఒకవేళ తెలియక వాడినా, కండరాలు వాటంతట అవి కోలుకునేదాకా మత్తు తేలిపోకుండా చూస్తూ యంత్రంతో ఊపిరి అందిస్తే మనిషి క్షేమంగా లేస్తాడు.

రెండు గుట్టలు

మీ తరగతిలో అందరి ఎత్తులూ కొలిచి గ్రాఫు గీయండి. మరీ పొట్టివారు కొద్దిమంది, మరీ పొడుగువారు కొద్దిమంది, మధ్యరకం వారు చాలామంది ఉంటారు. గ్రాఫు మధ్యలో ఒక గుట్ట లేస్తుంది.

1952లో క్షయ రోగానికి ఐసోనియాజిడ్ అనే మంచి మందు వచ్చింది. 1960లో పరిశోధకులు 53 కుటుంబాలకు చెందిన 267 మందికి ఈ మందు ఇచ్చి, 6 గంటల తరువాత రక్తంలో ఎంత మిగిలిందో కొలిచారు. గ్రాఫు గీస్తే ఒక గుట్ట రాలేదు, రెండు గుట్టలు వచ్చాయి! మందును త్వరగా ఖర్చు చేసేవారు ఒక గుట్ట, నెమ్మదిగా ఖర్చు చేసేవారు ఒక గుట్ట. ఎత్తు అనే గుణాన్ని ఎన్నో జన్యువులూ, తిండీ కలిసి నిర్ణయిస్తాయి. అందుకే అది ఒకే గుట్ట. ఇక్కడ రెండు గుట్టలు వచ్చాయంటే ప్రధానంగా ఒకే జన్యువు పనిచేస్తోందని అర్థం. కాలేయంలో ఈ మందుకు ‘ఎసిటైల్’ అనే తోక తగిలించే ఎంజైము కొందరిలో చురుకుగా, కొందరిలో మందకొడిగా ఉంటుంది.

మందకొడి వారిలో మందు ఎక్కువసేపు నిలుస్తుంది. అది బి-6 విటమినుకు అడ్డుపడి నరాలకు హాని చేస్తుంది. కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కి చీమలు పాకినట్లుంటుంది. జపానులో పదిమందిలో తొమ్మిదిమంది దాకా చురుకు రకం. మన దేశంలో సగానికి పైగా మందకొడి రకమే. 1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఈ తేడాలను కూడా పరిశీలించింది. దీనికి విరుగుడు చాలా తేలిక. ఐసోనియాజిడ్‌తో పాటు బి-6 విటమిను మాత్ర కూడా ఇస్తే నరాలకు రక్షణ దొరుకుతుంది. మందు మానవలసిన పని లేదు. క్షయ మందును మధ్యలో మానితే రోగం ముదిరి, మందులకు లొంగకుండా పోతుంది కూడా.

ఇలాంటి ఉదాహరణలు ఒక్కొక్కటే బయటపడుతున్న కాలంలో, 1957లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆర్నో మోటుల్‌స్కీ వాటిని ఒక్కచోట చేర్చి చూపాడు. మందు వల్ల కలిగే కీడు చాలాసార్లు యాదృచ్ఛికం కాదని, వంశపారంపర్యంగా వచ్చిన ఎంజైము తేడా దాని వెనుక ఉండవచ్చని రాశాడు. 1959లో జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ ఫోగెల్ ఈ కొత్త శాస్త్రానికి ‘ఫార్మకోజెనెటిక్స్’ అని పేరు పెట్టాడు. మనం ఔషధ జన్యుశాస్త్రం అనవచ్చు.

ముందే చూసుకుంటే

నాలుగవ కథలో తేడా ఎంజైములో లేదు. మన కణాల ఉపరితలం మీద హెచ్.ఎల్.ఏ. అనే ప్రోటీనులు ఉంటాయి. ఇవి గుర్తింపు బిళ్ళల వంటివి. వాటిని చూసి మన రక్షక కణాలు “ఇది మనది, ఇది పరాయిది” అని గుర్తుపడతాయి. ఈ బిళ్ళలు మనుషులలో వేలాది రకాలు.

మూర్ఛ వ్యాధికి వాడే కార్బమజెపిన్ చాలామందికి మేలు చేసే మందు. ఎక్కడో ఒకరికి మాత్రం ఒళ్ళంతా పొక్కులు లేచి, నోరు, కళ్ళు పుండ్లు పడి, చర్మం ఊడిపోతుంది. దీన్ని స్టీవెన్స్-జాన్సన్ జబ్బు అంటారు. ఇది ప్రాణం తీయగలదు. 2004లో తైవాన్ పరిశోధకులు ఈ మందు వల్ల ఆ జబ్బు వచ్చిన 44 మందిని పరీక్షించారు. 44 మందిలోనూ ఒకే రకం బిళ్ళ, హెచ్.ఎల్.ఏ.-బి 15:02, కనిపించింది! కార్బమజెపిన్ ఆ బిళ్ళకు అతుక్కుంటే రక్షక కణాలు మోసపోతాయి. సొంత చర్మాన్నే శత్రువు అనుకుని దాడి చేస్తాయి.

సంగతి తెలిసింది కాబట్టి తరువాతి మెట్టు ఏమిటి? మందు ఇవ్వకముందే పరీక్ష చేయడం. తైవాన్‌లో 4,877 మందికి మందు మొదలుపెట్టక ముందే ఈ పరీక్ష చేశారు. దాదాపు 8 శాతం మందిలో ఆ బిళ్ళ ఉంది. వారికి కార్బమజెపిన్ ఇవ్వకుండా వేరే ఏర్పాటు చేశారు. మిగతావారికి ఆ మందే ఇచ్చారు. పాత లెక్కల ప్రకారం అంతమందిలో సుమారు పదిమందికి ఆ భయంకరమైన జబ్బు రావాలి. ఒక్కరికీ రాలేదు. ఈ ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ఆ పదిమంది ఎవరో మనకు తెలియదు, వారికీ తెలియదు. తమకు తప్పిన గండం సంగతి తెలియకుండానే వారు తమ పనులు చేసుకుంటూ ఉంటారు.

మనం చేయగలిగింది

ఇదంతా చదివి మందులంటే భయం పెంచుకోకండి. మందు పడకపోవడానికి ప్రతిసారీ జన్యువులే కారణం కావు. మోతాదు ఎక్కువ కావచ్చు. మూత్రపిండాలో కాలేయమో సరిగా పనిచేయకపోవచ్చు. రెండు మందులు ఒకదానితో ఒకటి తగవు పడవచ్చు. వయసు కూడా ఒక కారణమే. ఏది కారణమో తేల్చవలసింది డాక్టరు. పక్కింటివారికి పడలేదని మన మందు మానకూడదు. పక్కింటివారికి పడిందని వారి మందు మనం మింగకూడదు. అది ఎందుకో ఇప్పుడు మీకు బాగా తెలుసు.

ప్రతి ఇంట్లోనూ చేయదగిన పని ఒకటుంది. ఒక నోటుపుస్తకం తీసుకుని ఇంట్లో ఒక్కొక్కరికి ఒక పేజీ కేటాయించండి. అమ్మమ్మను, తాతయ్యను, మేనమామలను, పిన్నులను అడగండి. ఎవరికైనా ఏదైనా మందు పడలేదా? ఆపరేషన్ తరువాత ఎవరైనా చాలాసేపటికి గాని లేవలేదా? ఏదైనా మాత్ర వేసుకున్నాక మూత్రం నల్లగా వచ్చిందా, ఒళ్ళు పొక్కిందా? మందు పేరు, సంవత్సరం, ఏమి జరిగింది, ఎన్ని రోజులకు తగ్గింది, అన్నీ రాయండి. “ఏదో తెల్లమాత్ర” అని రాస్తే లాభం లేదు. పాత చీటీలు వెతికి సరైన పేరు పట్టుకోండి. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడూ, ఆపరేషన్‌కు ముందూ ఆ పుస్తకం చూపించండి. మేనమామకు జరిగినది మేనల్లుడికి ఎందుకు ముఖ్యమో జి-6-పి.డి. కథ చదివిన మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఆలోచించి జవాబు చెప్పండి

1. ప్రైమాక్విన్ పడనివారి కణాలను మందు పడేవారికి ఎక్కించినప్పుడు, ఆ కణాలు పగలకుండా నిలిచి ఉంటే పరిశోధకులు ఏమని నిర్ణయించి ఉండేవారు?

2. ఒక అబ్బాయికి జి-6-పి.డి. లోపం ఉంది. అతని తండ్రికి కూడా ఉంది. అబ్బాయికి అది తండ్రి నుంచి వచ్చిందనవచ్చా?

3. తల్లిదండ్రులిద్దరికీ సక్సినైల్ కోలిన్ బాగానే పడింది. అయినా వారి బిడ్డకు పడకపోవచ్చా? ఎలా?

4. మీ తరగతిలో ఎత్తులకు బదులు రక్తవర్గాలు లెక్కపెట్టి గ్రాఫు గీస్తే అది ఒక గుట్టలా ఉంటుందా, విడివిడి స్తంభాలుగా ఉంటుందా? ఎందుకు?